డబ్బు కట్టి పంపే మెయిల్‌కి తెలుగు ఎందుకంత బరువు?

నర్సీపట్నం నుంచి రాస్తున్నాను. మామూలుగా మనం ఘనజీవామృతం గురించో, చెరుకులో అంతర పంటల గురించో మాట్లాడుకుంటాం. ఈసారి పండించడం గురించి కాదు. పండింది మన దగ్గర ఉందని కొనేవాళ్లకి చెప్పుకోవడం గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, నేను నెల నెలా డబ్బు కట్టి వాడుతున్న ఈమెయిల్ సర్వీసు గురించి, దాని కొత్త వెర్షన్ వస్తోందని వాళ్లు ఊరిస్తున్న దాని గురించి. సర్వీసు పేరు చెప్పను, పేరుతో పని లేదు. మీరు వాడే దాంట్లోనూ ఇదే జబ్బు ఉందేమో చూసుకోవడానికి పనికొస్తే చాలు.

"ఈ రోజుల్లో మెయిల్ ఎవరు చూస్తారండీ, వాట్సాప్‌లో పెట్టేయొచ్చు కదా" అని చాలామంది అడుగుతారు. వాట్సాప్ నేనూ వాడతాను. కానీ దాని బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికి మించి ఉండరు. వాళ్లలో కూడా మన నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. చేరినా సాయంత్రానికి శుభోదయం బొమ్మల కింద కప్పడిపోతుంది. ఎస్ఎమ్ఎస్ అంటారా, ముందు డీఎల్‌టీలో పేరు నమోదు చేయించుకోవాలి, టెంప్లేట్ ఆమోదం తెచ్చుకోవాలి. అన్నీ అయ్యాక ఇంగ్లీష్ అయితే ఒక మెసేజ్‌లో 160 అక్షరాలు పడతాయి, తెలుగు అయితే 70. అది కూడా గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కేసి 70. అందులో బెల్లం ధర చెప్పగలం, అంతే. ఆ బెల్లం ఎందుకు నల్లగా ఉందో చెప్పలేం.

మన అమ్మకం అంతా ఆ "ఎందుకు" మీదే నిలబడి ఉంది కదా. హైడ్రోస్ వేయకుండా, బెండ మొక్కల జిగురుతో మడ్డి తీసి వండిన బెల్లం ముదురు రంగులోనే ఉంటుంది. అనకాపల్లి మార్కెట్‌కి తీసుకెళ్తే అక్కడ రంగుకే ధర. పసుపు పచ్చగా మెరిసే దిమ్మ పక్కన మన దిమ్మ పెడితే వ్యాపారి చేత్తో పక్కకి తోస్తాడు. అక్కడ వివరించడానికి వీలుండదు, వినడానికి ఎవరికీ తీరికా ఉండదు. అదే నా దగ్గర కొనే 1,840 మందికి ఉత్తరం రాస్తే చదువుతారు. వాళ్లు విశాఖలో ఉన్నారు, హైదరాబాద్‌లో ఉన్నారు, బెంగళూరులో ఉన్నారు. కొంతమంది అమెరికాలో ఉండి, ఇక్కడున్న అమ్మానాన్నలకి పంపమని ఆర్డర్ పెడతారు. ఈ ఏడాది వాన ఎలా పడింది, చేను ఎలా ఉంది, చింతపల్లి నుంచి తెచ్చే రాజ్మా, పసుపు ఎప్పుడొస్తాయి, వానాకాలంలో బెల్లం చెమర్చకుండా ఎలా దాచుకోవాలి, ఇవన్నీ రాస్తాను. వాళ్లు ఆ మెయిల్ దాచుకుంటారు. ఆరు నెలల తర్వాత "బెల్లం" అని వెతికితే దొరుకుతుంది. వాట్సాప్‌లో ఆ సుఖం లేదు.

ఇంకో కారణం ఉంది, అదే అసలైనది. చెరుకు నరికాక ఆగదు. ఒక రోజు లోపల గానుగ ఆడకపోతే రసంలో పంచదార పోతుంది, బెల్లం సరిగ్గా గట్టిపడదు. కాబట్టి ఎన్ని కిలోలకి ఆర్డర్ ఉందో తెలిశాకే కత్తి పట్టుకుంటాను. ఆర్డర్ ఉన్నంతవరకు నేను సొంతంగా వండించి అమ్ముతాను. మిగిలింది ఫ్యాక్టరీకో, మార్కెట్‌కో వెళ్తుంది, ప్రకృతి వ్యవసాయం అన్న మాటకి అక్కడ రూపాయి కూడా అదనంగా రాదు. అంటే డిసెంబర్ మొదట్లో పంపే ఆ ఒక్క ఉత్తరం మీద నా ఏడాది ఆధారపడి ఉంటుంది. అది చేరితే ఏడాది పొడుగునా ఆవులకి పెట్టిన గడ్డి, పోసిన జీవామృతం, పడ్డ కష్టం లెక్కలోకి వస్తాయి. చేరకపోతే పక్క చేను యూరియా చెరుకుతో పాటే నాదీ.

పోయిన సీజన్‌లో ఆ ఉత్తరం పంపాను. సర్వీసు రిపోర్టులో అందరికీ చేరినట్టు, 19 శాతం మంది తెరిచినట్టు చూపించింది. ఆర్డర్లు మాత్రం అంతకు ముందు ఏడాదిలో సగం కూడా రాలేదు. నాకు అనుమానం వచ్చి, మూడు సాయంత్రాలు కూర్చుని పాత కొనుగోలుదారులకి నలభై మందికి ఫోన్ చేశాను. ఇరవై ఆరు మంది ఉత్తరం చదివామన్నారు. అందులో పదిహేడు మంది చెప్పిన మాట ఒకటే: "చదివాం బాబూ, మధ్యలో ఆగిపోయింది. ఆర్డర్ ఎక్కడ పెట్టాలో కనిపించలేదు, మళ్లీ పంపుతావేమో అనుకున్నాం." విశాఖలో ఉండే ఒక పెద్దావిడ అయితే, "ఈసారి బెల్లం లేదేమో అనుకుని వేరేచోట తెప్పించుకున్నాను నాన్నా" అన్నారు. ఆ మాటకి మాత్రం మనసు చివుక్కుమంది.

ఏం జరిగిందో చెప్తాను. కొంచెం సాంకేతికంగా ఉంటుంది, ఓపిక పట్టండి. వీడియోలో తెర మీద కూడా చూపించాను.

జీమెయిల్‌లో ఒక మెయిల్ తాలూకు లోపలి రాత సుమారు 102 కేబీ దాటితే, అక్కడితో కత్తిరించి "మెసేజ్ క్లిప్డ్" అని చిన్న అక్షరాల్లో ఇంగ్లీష్‌లో చూపిస్తుంది. పూర్తి ఉత్తరం కావాలంటే ఆ పక్కనున్న లింకు నొక్కాలి. మన పెద్దవాళ్లు ఎవరు నొక్కుతారు? ఫోటోలు ఈ లెక్కలోకి రావు, అవి బయట నుంచి వస్తాయి. లెక్కలోకి వచ్చేది అక్షరాలు, వాటిని అలంకరించే కోడు.

ఇప్పుడు తెలుగు సంగతి చూడండి. "నర్సీపట్నం" అని రాస్తే మన కంటికి నాలుగు అక్షరాలు, ఒక సున్నా. కంప్యూటర్‌కి అవి పది: న, ర, పొల్లు, స, దీర్ఘం, ప, ట, పొల్లు, న, సున్నా. యూనికోడ్‌ని మెయిళ్లలో దాచే మామూలు పద్ధతిలో, అంటే యూటీఎఫ్-8లో, తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు. మొత్తం 30 బైట్లు. ఇదే ఊరు పేరు ఇంగ్లీష్‌లో రాస్తే పదకొండు అక్షరాలు, పదకొండు బైట్లు. ఇంతవరకు ఎవరి తప్పూ లేదు, ఆ పద్ధతి అలా ఏర్పడింది. మూడు రెట్ల బరువుని మోయొచ్చు.

నేను వాడే సర్వీసు అక్కడితో ఆగదు. వాళ్ల ఎడిటర్‌లో నేను "న" అని టైప్ చేస్తే, సేవ్ చేసేటప్పుడు దాన్ని "&#3112;" అని మార్చేస్తోంది. ఇది పాతకాలం పద్ధతి. తెలుగు యూనికోడ్ తెలియని కాలంలో, అక్షరం బదులు దాని నంబరు రాసి పంపేవాళ్లు. చదివేవాడి తెర మీద మళ్లీ "న" అనే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. కానీ లోపల ఒక్క సంకేతానికి ఏడు బైట్లు. నర్సీపట్నం 70 బైట్లు అయింది. పదకొండు ఎక్కడ, డెబ్భై ఎక్కడ!

నా బెల్లం ఉత్తరంలో సుమారు 9 వేల సంకేతాలున్నాయి. ఏడు బైట్ల లెక్కన 63 కేబీ. వాళ్ల టెంప్లేట్ కోడు ఇంకో 45. మొత్తం 108, జీమెయిల్ కత్తెర కింద పడింది. అదే అక్షరాలని నేరుగా పంపి ఉంటే 27, 45 కలిపి 72 కేబీ, హాయిగా వెళ్లిపోయేది. ఇంగ్లీష్‌లో అంతే పొడవు ఉత్తరం అయితే 54. అంటే నేను ఎక్కువ రాయడం వల్ల తెగలేదు, తెలుగులో రాయడం వల్ల తెగింది. ఒకే బండి, ఒకే బస్తా, భాష మారితే వే బ్రిడ్జి మీద బరువు మారిపోతోంది.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. మెయిల్ తెరిచారో లేదో తెలుసుకోవడానికి ఈ సర్వీసులు ఉత్తరం అడుగున కంటికి కనిపించని చిన్న బొమ్మ ఒకటి పెడతాయి. ఆ బొమ్మ లోడ్ అయితే తెరిచినట్టు లెక్క. ఉత్తరం మధ్యలో తెగిపోతే అడుగున ఉన్న బొమ్మ లోడ్ కాదు. అంటే చదివినవాళ్లు కూడా చదవనట్టే లెక్కలో పడ్డారు. పైగా ఐఫోన్ మెయిల్‌లో 2021 నుంచి కొత్త ఏర్పాటు వచ్చింది. అది ఆన్‌లో ఉంటే మనిషి తెరవకపోయినా బొమ్మలు ముందే లోడ్ అవుతాయి. ఒకవైపు చదివినవాళ్లు చదవనట్టు, ఇంకోవైపు చదవనివాళ్లు చదివినట్టు. ఇక ఆ 19 శాతానికి అర్థం ఏముంది? రెండు నెలల తర్వాత ఇదే సర్వీసు, "వీళ్లు మీ మెయిల్స్ మీద ఆసక్తి చూపడం లేదు, లిస్టు నుంచి తీసేయండి" అని ఆరు వందల పేర్లు ఎత్తి చూపింది. అందులో ఐదేళ్ల నుంచి నా దగ్గర కొంటున్నవాళ్లున్నారు. తీసేసే బటన్ నొక్కలేదు కాబట్టి బతికిపోయాను.

సబ్జెక్ట్ లైన్‌తో మరో తలనొప్పి. మెయిల్ సబ్జెక్ట్‌లో ఇంగ్లీష్ కాని అక్షరాలు ఎలా పంపాలో 1996లోనే నియమం రాసి పెట్టారు. పొడవైన సబ్జెక్ట్‌ని ముక్కలు చేసి పంపాలి, ఒక్కో ముక్క 75 గుర్తులు దాటకూడదు, కానీ ఒక అక్షరాన్ని మధ్యలో విరగ్గొట్టకూడదు. తెలుగు సంకేతం మూడు బైట్లు కదా, రెండు బైట్లు ఈ ముక్కలో, ఒకటి ఆ ముక్కలో పడితే చదివేవాడికి ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్ గుర్తు కనిపిస్తుంది. నా సబ్జెక్ట్ "సంక్రాంతి బెల్లానికి ఆర్డర్లు తీసుకుంటున్నాం" అయితే, అందులో బెల్లం విరిగింది. తెలియని మెయిల్‌లో అలాంటి గుర్తు చూస్తే నేనే తెరవను. ఎవరో మోసగాడు పంపాడనుకుంటాను.

ఇదంతా నేను కనిపెట్టి, ఫోటోలతో సహా వాళ్ల సహాయ విభాగానికి రాశాను. ఫోన్ నంబరు ఉండదు, అన్నీ టిక్కెట్లే. మొదటి జవాబు: "మీ ఉత్తరం పొడవు తగ్గించండి." రెండో జవాబు: "ఇంగ్లీష్ వాడితే ఈ ఇబ్బంది ఉండదు." మూడోసారి రాస్తే జవాబు లేదు, టిక్కెట్ దానంతట అదే మూసుకుంది, మా సేవ ఎలా ఉందో ఐదు నక్షత్రాల్లో చెప్పమని మాత్రం మెయిల్ వచ్చింది. ఆ మెయిల్ మాత్రం ఎక్కడా తెగకుండా వచ్చిందండోయ్.

"పోనీ ఇంగ్లీష్‌లోనే రాయొచ్చు కదా, మీ కొనుగోలుదారులు చదువుకున్నవాళ్లే కదా" అని మన తోటి రైతు మిత్రుడు కూడా అన్నాడు. చదువుకున్నవాళ్లే. కానీ ఇంట్లో ఏ బెల్లం కొనాలో నిర్ణయించేది చాలా ఇళ్లలో అమ్మ, అత్తగారు, నానమ్మ. వాళ్లకి ఆ ఉత్తరం చదివి వినిపిస్తారు, లేదా ఫార్వర్డ్ చేస్తారు. పాకం అదును, మడ్డి తీయడం, దిమ్మ, లేత చెరుకు, ముదురు చెరుకు, ఈ మాటలకి నేను ఇంగ్లీష్ వెతుక్కుని రాస్తే నా ఉత్తరానికి, సూపర్ మార్కెట్ డబ్బా మీద రాతకి తేడా ఏముంది? తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో రాయడం కూడా చేసి చూశాను. చదివినవాళ్లు పెళ్లి పిలుపు మెసేజ్‌లా ఉందన్నారు.

డబ్బు సంగతికి వస్తాను. నాకు నెలకి సుమారు 2,300 రూపాయలు పడుతోంది. బిల్లు డాలర్లలో, దాని మీద 18 శాతం జీఎస్టీ, బ్యాంకు వాళ్ల మార్పిడి ఖర్చు, అన్నీ కలిపి. ఏడాదికి 27,600. కిలో 110 చొప్పున అమ్మితే 250 కిలోల బెల్లం ఖరీదు అది. నేను పంపేది ఏడాదికి పదో పన్నెండో ఉత్తరాలు, అందులో ఎక్కువ భాగం డిసెంబర్ నుంచి మార్చి లోపలే. మిగతా నెలల్లో పంపినా పంపకపోయినా అంతే కట్టాలి, ఎందుకంటే వాళ్లు లెక్కేసేది ఉత్తరాల్ని కాదు, లిస్టులో ఉన్న పేర్లని. ఇక మాకు మెయిల్ వద్దని తప్పుకున్నవాళ్ల పేర్లు కూడా, నేను వెళ్లి ఒక్కొక్కటీ చెరిపేదాకా, ఆ లెక్కలోనే ఉంటాయి. గానుగ అద్దె ఆడిన రోజులకే కదా ఇస్తాం. ఆడని రోజులకి కూడా ఇవ్వమంటే ఎవరైనా ఒప్పుకుంటారా? పంపిన మెయిళ్లకే డబ్బు తీసుకునే క్రెడిట్ల పద్ధతి కొన్ని సర్వీసుల్లో ఉంది. సీజన్ పంటలు అమ్మేవాళ్లకి అదే న్యాయం.

డాలర్ బిల్లుతో ఇంకో చిక్కు. 2021 అక్టోబర్ 1 నుంచి మన దేశంలో కార్డుల మీద నెల నెలా దానంతట అదే డబ్బు కోసుకోవడానికి రిజర్వ్ బ్యాంకు కొత్త నియమాలు పెట్టింది. ముందుగా మన అనుమతి నమోదు కావాలి, కోసే ముందు మనకి కబురు రావాలి. నియమం మంచిదే, మన డబ్బుకి కాపలా. కానీ ఆ ఏర్పాటులో చేరని విదేశీ సర్వీసుల బిల్లు ఆగిపోతుంది. నాది సరిగ్గా జనవరిలో ఆగింది. బిల్లు ఆగితే ఖాతా ఆగింది, ఖాతా ఆగితే సంక్రాంతి ముందు పంపాల్సిన గుర్తు చేసే ఉత్తరం ఆగింది. రూపాయల్లో బిల్లు, యూపీఐతో కట్టే వీలు ఉంటే ఈ గొడవే ఉండదు. అబీద్ సెంటర్‌లో టీ కొట్టు దగ్గర ఉన్న సదుపాయం, ప్రపంచమంతా ఖాతాదారులున్న కంపెనీకి లేకపోవడం ఏమిటో!

నిజం చెప్పాలంటే ఈ సర్వీసులు చేసే మంచి కూడా ఉంది, అది వదిలేసి తిట్టడం నాకిష్టం లేదు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నియమాలు బిగించాయి. మెయిల్ నిజంగా మన పేరుతోనే వచ్చిందని రుజువు ఉండాలి. రోజుకి 5 వేలకి పైగా జీమెయిల్ ఖాతాలకి పంపేవాళ్లకి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడూ ఉండాలి, ఒక్క నొక్కుతో తప్పుకునే వీలుండాలి, స్పామ్ అని ఫిర్యాదు చేసేవాళ్లు 0.3 శాతానికి చేరకూడదు. చిన్నవాళ్లకి మొదటి రెండింటిలో ఒకటైనా తప్పదు. పేర్లు చూసి భయపడకండి. మన పీజీఎస్ సర్టిఫికెట్ తెలుసు కదా, కనీసం ఐదుగురు రైతులు గ్రూపుగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు చూసి హామీ ఇస్తారు, ఆ హామీ మీదే కొనేవాడి నమ్మకం. ఇదీ అలాంటిదే. నా బస్తాలు ఏ బండ్ల మీద రావచ్చో ముందే రాసిపెట్టడం ఎస్‌పీఎఫ్. బస్తా మీద వేసిన సీలు డీకిమ్. సీలు పగిలిన బస్తా వస్తే లోపలికి రానివ్వాలా, గుమ్మం దగ్గరే ఆపాలా అని చెప్పి ఉంచడం డీమార్క్. వీటిని ఏర్పాటు చేయడంలో నా సర్వీసు వాళ్లు అడుగడుగునా బొమ్మలతో చూపించారు, ఒక మధ్యాహ్నంలో అయిపోయింది. దీనికోసం సొంత డొమైన్ మాత్రం కావాలి. జీమెయిల్ చిరునామాని పంపేవాడి పేరుగా పెట్టి ఇలాంటి సర్వీసుల ద్వారా పంపితే ఆ ఉత్తరాలు స్పామ్‌లో పడటం ఖాయం అనుకోండి.

ఇక కొత్త వెర్షన్. ఈ ఏడాదిలోనే వస్తుందని మెయిల్ పంపారు. ఏమేం ఉంటాయో జాబితా చూశాను. కృత్రిమ మేధ మనకి సబ్జెక్ట్ లైన్ రాసి పెడుతుందట. నలభై కొత్త టెంప్లేట్లట. ఎవరు ఎప్పుడు కొంటారో జోస్యం చెప్తుందట. ముందస్తు పరీక్షకి నాకూ అవకాశం ఇచ్చారు. తెలుగులో సబ్జెక్ట్ రాయమంటే, "త్వరపడండి! రసాయన రహిత బెల్లం మీ కోసం ఎదురుచూస్తోంది!" అని రాసింది. బెల్లం ఎదురుచూడదండీ, చీమలు ఎదురుచూస్తాయి. ఆ సబ్జెక్ట్ కూడా అలాగే మధ్యలో విరిగే వచ్చింది, అది వేరే సంగతి.

నాకు కావలసినవి ఇంతకంటే చాలా చిన్నవి. తెలుగు అక్షరాన్ని అక్షరంగానే ఉంచండి, నంబరుగా మార్చకండి. ఇది కొత్తగా కనిపెట్టాల్సింది కాదు, ఫోన్‌లో ఉచితంగా వచ్చే మెయిల్ యాప్‌లు రోజూ చేస్తున్న పనే. రాస్తున్నప్పుడే ఉత్తరం బరువు ఎంతయిందో మూలన చూపించండి, వంద దాటబోతుంటే చెప్పండి. సబ్జెక్ట్‌ని విరగ్గొట్టకండి. "తెరిచినవారు" అనే అంకె పక్కన అది ఎంతవరకు నమ్మదగిందో ఒక్క వాక్యం రాయండి, దాన్ని చూపించి నా కొనుగోలుదారుల్ని తీసేయమని సలహా ఇవ్వకండి. పంపినదానికే డబ్బు తీసుకోండి. వీటిలో మొదటి మూడు చేస్తే పెంచబోయే ధర కూడా నేను సంతోషంగా కడతాను. ఉచితంగా ఇమ్మని నేను అడగడం లేదు. కష్టపడి చేసినదానికి ధర ఉండాలని రోజూ కొనేవాళ్లకి చెప్పుకునేవాడిని, నేనే బేరం ఆడితే ఎలా?

ఆశ ఉంది కానీ, ఆశ మీదే కూర్చోవడం మంచిది కాదని ఒక పాత కథ చెప్తుంది. యుడోరా అని ఒక మెయిల్ ప్రోగ్రామ్ ఉండేది. 1988లో అమెరికాలో స్టీవ్ డోర్నర్ అనే ఆయన రాశారు, తర్వాత క్వాల్‌కామ్ కంపెనీ దాన్ని అమ్మింది. ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లో డబ్బు కట్టి మరీ వాడిన అభిమానులు దానికి ప్రపంచమంతా ఉన్నారు. దానికి లేనిది ఒకటే, యూనికోడ్. మనలాంటి లిపులు అందులో సరిగ్గా కనిపించేవి కావు. వచ్చే వెర్షన్‌లో వస్తుంది, ఆ తర్వాతి వెర్షన్‌లో వస్తుంది అని వాడేవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. 2006లో కంపెనీ ఆ ప్రోగ్రామ్ అమ్మకాన్నే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. యూనికోడ్ రానే లేదు. 2018లో దాని కోడుని కంప్యూటర్ చరిత్ర మ్యూజియం వాళ్లు అందరూ చూసేలా బయట పెట్టారు. వస్తువు మ్యూజియంకి చేరింది, అడిగిన మార్పు మాత్రం కంపెనీ చేతుల మీదుగా రాలేదు.

అందుకే నేను చేస్తున్నది చెప్తాను. ప్రతి నెలా ఒకటో తారీఖున నా లిస్టు మొత్తాన్ని, ఎవరు ఎప్పుడు చేరారు, ఎవరు తప్పుకున్నారు అన్న వివరంతో, దించుకుని సొంత షీటులో పెట్టుకుంటున్నాను. ఈ పేర్లు సర్వీసువి కావు, నావీ కావు, నన్ను నమ్మి ఇచ్చినవాళ్లవి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సమ్మతి లేకుండా ఎవరి వివరాలూ వాడుకోకూడదనే అంటోంది. మన వాళ్లలో కొందరికి "యాభై వేల ఆర్గానిక్ కస్టమర్ల లిస్టు అమ్ముతాం" అని ఫోన్లు వస్తున్నాయి. దయచేసి కొనకండి. వెయ్యిలో ముగ్గురు స్పామ్ అని నొక్కితే చాలు, మీ డొమైన్ పేరు పోతుంది, మళ్లీ నిలబెట్టుకోవడం బీడు భూమిని బాగుచేసినంత పని. ఈ కారణంతోనే, నలుగురం కలిసి ఒకే ఖాతా తీసుకుందాం, ఖర్చు తగ్గుతుంది అన్న మిత్రుల మాటకి నేను ఇంకా సరే అనలేదు. ఎఫ్‌పీవోగా ఒకటై, అందరి లిస్టులూ నిజంగా అడిగి తీసుకున్నవే అయితే బాగుంటుంది. ఒక్కరి లిస్టు చెడ్డదైనా నలుగురి మెయిళ్లూ స్పామ్‌లోకే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అసలు డబ్బు కట్టాల్సిన అవసరమే లేదు. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి రోజుకి 500 మందిదాకా పంపొచ్చు. యాభై, వంద మంది కొనుగోలుదారులున్నప్పుడు అది ధారాళంగా సరిపోతుంది. పేర్లన్నీ అందరికీ కనిపించేలా మాత్రం పెట్టకండి, బీసీసీలో పెట్టండి. థండర్‌బర్డ్ అనే ఉచిత ప్రోగ్రామ్ కంప్యూటర్‌లో వేసుకుంటే తెలుగు శుభ్రంగా కనిపిస్తుంది, ఉత్తరాలన్నీ మన డిస్కులోనే దాచుకోవచ్చు. లిస్టు కొన్ని వందలు దాటాక డబ్బు సర్వీసు గురించి ఆలోచించండి. అప్పుడు కూడా అమ్మేవాళ్లు చూపించే టెంప్లేట్లు చూడకండి, ఉచిత ట్రయల్‌లో ఒక పొడవాటి తెలుగు ఉత్తరం మీకు మీరే పంపుకోండి. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఆ మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కి, "షో ఒరిజినల్" నొక్కండి. గజిబిజిగా కనిపిస్తుంది, కంగారు పడకండి. అందులో "&#3" తో మొదలయ్యే నంబర్లు వరసగా కనిపిస్తే, ఆ సర్వీసుకి తెలుగు రాదని అర్థం. ఇంకేమీ అడగక్కర్లేదు, బయటికి వచ్చేయండి.

మన రాష్ట్రంలో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది, ప్రపంచం మన చేల వైపు చూసింది. సంతోషమే. కానీ శిక్షణల్లో విత్తనం నుంచి కోత వరకు చెప్తారు, కోత నుంచి కొనేవాడి గుమ్మం వరకు ఉన్న దారి గురించి అరగంట కూడా ఉండదు. డిప్లొమాలో నాకూ ఎవరూ చెప్పలేదు. మార్కెటింగ్ అంటే స్టాల్ పెట్టడం, బ్యానర్ కట్టడం కాదు కదా. వాళ్ల భాషలో వాళ్లకి ఉత్తరం చేరడం కూడా మార్కెటింగే. శిక్షణ ఇచ్చే అధికారులు ఇది చదివితే, ఒక్క పూట దీనికి కేటాయించమని అడుగుతున్నాను. పిలిస్తే ల్యాప్‌టాప్ పట్టుకుని నేనే వస్తాను.

నా సర్వీసు రెన్యువల్ నవంబర్ 20న. డిసెంబర్ రెండో వారంలో చెరుకు నరకడం మొదలుపెట్టాలి. అందుకే వాళ్లకి ఒక పరీక్ష ఉత్తరం పంపి ఉంచాను, పోయినసారి తెగిన బెల్లం ఉత్తరమే, అక్షరం మార్చకుండా. కొత్త వెర్షన్‌లో అది చివరి వరకు వస్తే ఉంటాను. లేకపోతే షీటులో ఉన్న 1,840 పేర్లతో వేరేచోటికి వెళ్తాను, ఎక్కడికి వెళ్లానో, అక్కడ "నర్సీపట్నం" ఎన్ని బైట్లు తూగిందో వీడియో తీసి పెడతాను. మీరు వాడే సర్వీసులో షో ఒరిజినల్ చూసినప్పుడు ఏం కనిపించిందో కింద రాయండి. నవంబర్ లోపల రాస్తే నాకు ఉపయోగం.